వెండి పొన్ను కర్ర

మా ఆర్ట్ స్కూల్ గ్యాలరీలో రక్తం కారిందని తెలిసి, గుంటూరులో చాలామంది ఏదో బూతు బొమ్మ పెట్టి ఉంటారనుకున్నారు. గొడవ బొమ్మ గురించి కాదు, కర్ర గురించి. నేనప్పుడు అక్కడ డ్రాయింగ్ మాస్టర్ని. రెండు వేల మూడులో, ఫైనలియర్ పిల్లల ప్రదర్శనలో జరిగింది.

ప్రసన్నకుమార్ పెట్టినది ఒక్కటే వస్తువు. తెల్లగోడకి రెండు మేకులు, వాటి మీద పొడవాటి వెదురు కర్ర, దాని చివర వెండి తొడుగు, అదే పొన్ను. కింద అట్టముక్క మీద ‘యజమాని ఎవరో తెలియదు’ అని రాశాడు. ఎదురుగోడకి శ్రీరమ్య వేసిన ఆయిల్ పెయింటింగ్ ఉంది. వాళ్ళ తాత బాపయ్య, పందెం గెలిచిన ఒంగోలు ఎడ్లు, ఆయన చేతిలో పొన్ను కర్ర. ఇంట్లో ఉన్న పాత ఫొటో చూసి వేసింది పాపం, ఎంత శ్రద్ధగానో.

ఆ కర్రా ఈ కర్రా ఒకటే. ఆ సంగతి ప్రసన్నకుమార్ నాకొక్కడికే చెప్పాడు. రెండు కుటుంబాలదీ ఒకే ఊరు. ప్రసన్నకుమార్ చిన్నప్పుడు, కూలి పెంచమని జనాన్ని కూడగట్టినందుకు వాళ్ళ నాన్న దానయ్యని మిరపచేలో కొట్టి చంపారు. శవం పక్కన దొరికిన కర్రని తల్లి ఎలీసమ్మ ఇంటి చూరులో దాచింది. పోలీసులకిస్తే మాయమవుతుందని ఆమె భయం. కొట్టింది బాపయ్యేనని ఊరంతటికీ తెలుసు. కానీ ఆ రోజు ఆయన కోటప్పకొండ తిరునాళ్ళలో ఉన్నాడని ఊరే సాక్ష్యం చెప్పింది. కేసు కొట్టేశారు. శ్రీరమ్య క్లాసులో బొమ్మ వేస్తుంటే చూశాకే ప్రసన్నకుమార్ ఇంటికెళ్ళి కర్ర తెచ్చాడు.

“ఇప్పుడన్నా పోలీసులకివ్వు, సాక్ష్యానికి వాళ్ళింట్లో ఫొటో కూడా ఉంది కదా” అన్నాను.

“ఇట్టాంటి కర్రలు ఊరికి వంద ఉంటాయంటారు మాస్టారూ. ఆయనే, నలుగురి ముందు, నాది అనాలి. మా అమ్మ వినాలి.”

భయమేసింది. అయినా వద్దనలేదు. మనిషిని చంపి తిరునాళ్ళకెళ్ళామని చెప్పే జాతంటే నాకు ఒళ్ళు మంట.

మా స్కూల్లో ప్రదర్శన మొదటి సాయంత్రం ముఖాముఖి ఉంటుంది. విద్యార్థి తన పని పక్కన నిలబడి మాట్లాడతాడు, వచ్చినవాళ్ళు ప్రశ్నలు అడుగుతారు. మనవరాలి బొమ్మ చూడ్డానికి బాపయ్య ఇస్త్రీ పంచెతో వచ్చాడు. వెంట కొడుకు కోటేష్, అంటే శ్రీరమ్య తండ్రి. “ఎడ్ల కళ్ళు దించేసిందిరా పిల్ల!” అని ముసలాయన హాలంతా వినబడేలా మురిసిపోయాడు. మూల కుర్చీలో కూర్చున్న ఎలీసమ్మని ఆయన గుర్తుపట్టలేదు. ఏళ్ళ తరబడి తన చేలో వంగి కాయ కోసిన మనిషి ముఖం ఆయన ఎప్పుడు చూశాడు కనక!

ప్రసన్నకుమార్ వంతు వచ్చింది.

“ఈ కర్ర ఎవరిదో తెలియదండి. ఎవరో గతిలేనివాళ్ళది అయ్యుంటుంది. పొన్ను కూడా వెండి కాదు, సత్తు.”

బాపయ్య గిర్రున తిరిగాడు. దగ్గరికొచ్చి పొన్నుని వేలితో తడిమాడు. తప్పిపోయిన ఎద్దు దొరికినట్టు ఆయన ముఖం వెలిగిపోయింది.

“సత్తా? కళ్ళు దొబ్బాయంట్రా? బండలాగుడులో మా ఎడ్లు మొదటొస్తే ఇచ్చిన కర్ర ఇది! నాది! ఎంత వెతికించానో. నీకెక్కడ దొరికిందిరా?”

“మా నాన్న తల పక్కన. మిరపచేలో. నేను దానయ్య కొడుకుని.”

కోటేష్ పరుగున వచ్చి తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. “నాన్నా, ఆ కర్ర మనది కాదు. పద.”

అప్పుడే వెళ్ళిపోయి ఉంటే ఏమీ అయ్యేది కాదు. కానీ పొగరు ఊరుకోదు కదా.

“నా కర్ర నాది కాదంటావేంట్రా?” అని కొడుకుని విదిలించి, మేకుల మీద నుంచి కర్ర లాగాడు. “నీ అయ్య కూడా ఇట్టాగే నా ముందు నిలబడి మాట్లాడాడు. ఈ కర్రతోనే చెప్పా వాడికి!”

మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండో దెబ్బకి ప్రసన్నకుమార్ కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. బొమ్మలు వేసే చెయ్యి. మణికట్టు ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. మూడోది చెవి మీద. తెల్లగోడ మీద రక్తం చిమ్మింది. జనం కుర్చీలు తన్నుకుంటూ పరిగెత్తారు. నేను వెనక నుంచి బాపయ్యని పట్టుకోబోతే కోటేష్ నా ముఖం మీద గుద్దాడు. కళ్ళజోడు పగిలి కింద పడ్డాను. లేచేసరికి ముసలాయన, నేల మీద పడ్డ కుర్రాణ్ణి కందికట్టె కొట్టినట్టు కొడుతూనే ఉన్నాడు.

ఎలీసమ్మ వచ్చి రెండు చేతులతో కర్ర పట్టుకుంది. ఆయన ఈడ్చాడు, ఆమె కర్రతోపాటే ఈడ్చుకుపోయింది గానీ వదల్లేదు. ఈలోగా కోటేష్ చూపు పెయింటింగ్ మీద పడింది. దాన్ని పీకి కింద పడేసి, బొమ్మలో కర్ర పట్టుకున్న చెయ్యి ఉన్నచోట బూటుకాలితో తొక్కి చింపేశాడు. శ్రీరమ్య “నాన్నా, నా బొమ్మ!” అని అడ్డం పడితే తోసేశాడు.

ఎవరో ఫోన్ చేస్తే ఎస్సై వచ్చాడు, ఆయన్ని చూశాకే బాపయ్య కర్ర వదిలాడు. కోటేషే ముందు అందుకున్నాడు. “కుర్రాడే మా నాన్న మీదికొచ్చాడండి. కర్ర కూడా వాడు తెచ్చుకుందే.”

“కర్ర ఎవరిది?” అన్నాడు ఎస్సై చుట్టూ చూస్తూ.

“బాపయ్యగారిది. ఆయన నోటితోనే అన్నాడు” అన్నాను.

“ఈ సాయిబు మాస్టారు వాళ్ళ మనిషండి” అని కోటేష్ నన్ను చూపించి నవ్వాడు.

“ఇంకెవరన్నా విన్నారా?”

ప్రిన్సిపాల్ తల దించుకున్నాడు. మిగిలినవాళ్ళూ అంతే. థూ, ఇదేనా చదువు! బాపయ్యని వదిలేసిన ఆ కోర్టే మళ్ళీ మా గ్యాలరీలోకి వచ్చినట్టయింది. నాకు ఏడుపొచ్చింది.

“మా తాతయ్యది” అంది శ్రీరమ్య.

కోటేష్ లాగి కొట్టాడు. పిల్ల పెదవి చిట్లింది. పడబోయి గోడ పట్టుకుని నిలబడింది.

“మా తాతయ్యదే. నేనే గీశాను. వాళ్ళ నాన్నని కూడా దీంతోనే కొట్టానన్నాడు. నేను విన్నాను.”

ఎలీసమ్మ చేతుల్లోంచి కర్ర ఇంకా జారలేదు. కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని, ఎస్సై వైపు చూసింది.

“రాసుకోండయ్యా” అంది. “ఈసారన్నా రాసుకోండి.”