అసిరమ్మ తల్లి ఫొటో

నేను ఒక ఓడ ఫొటోను. విశాఖపట్నం నుంచి రంగూన్ వెళ్లే పెద్ద ఓడలో, నడిసముద్రంలో, పై అంతస్తున కుర్చీ వేసుకున్న ఒక దొర తన కుక్కపిల్ల కోసం నన్ను తీశాడు. కుక్క కదిలిపోయింది. కింది డెక్కు మీద, కూలికి పోతున్న మనవాళ్లు మాత్రం స్పష్టంగా పడ్డారు. అయినా నా వెనక ఆయన రాసింది కుక్క పేరే.

దొర సామాను వేలంలో పోయాక పాత కాగితాల కొట్లో ఏళ్ల తరబడి పడి ఉండి, చివరికి దక్షిణామూర్తి మాస్టారి చేతికి వచ్చాను. ఆయనకు ఓడల ఫొటోలంటే పిచ్చి. పొగగొట్టం మీది చారలు చూసి ఓడ పేరు, నీడలు చూసి పొద్దు చెప్పేవారు. ఇనుమంతా ఆయనకు చుట్టమే, మనుషులు ఒక్కరూ తెలియదు. అందుకని రంగూన్ వెళ్లినవాళ్ల పిల్లల్ని పిలిచి, భూతద్దం ఇచ్చి కూర్చోబెట్టేవారు.

అలా వచ్చింది అసిరమ్మ, రేవులో చేపలు ఎండబెట్టే మనిషి. ఆమెను ఎత్తుకుని ఓడెక్కిన తల్లి రంగూన్‌లోనే పోయింది. పసిదాన్ని ఊరివాళ్లెవరో తిరిగి తెచ్చారు. పెద్దల పండగనాడు అందరూ పటాలకు బొట్టు పెడుతుంటే, ఆమె ఉత్త గోడకు బొట్టు పెట్టి దండం పెట్టుకునేది. తల్లి ముఖం ఒక్కసారి చూడాలని ఆమె ఆశ.

భూతద్దం ఒకచోట ఆగింది.

"మేస్టారూ! ఈ గుంట కాలికి ఆరు వేళ్లు! ఇదిగో నా కాలు, లెక్కెట్టుకోండి!"

"కాలు దించమ్మా, అది బల్ల."

"ఇది నానే బాబూ! అయితే ఎత్తుకున్నది మాయమ్మే కదేటి? ఎంత సక్కగా నవ్వుతందో!"

పాప అసిరమ్మే. ఎత్తుకున్నది మాత్రం తల్లి కాదు. ఓడలో కళ్లు తిరిగినవాళ్ల పిల్ల తిరగనివాళ్ల చంకలోకి వెళ్లడం మామూలే. కన్నతల్లి నా ఎడమ అంచున, కమ్మీ మీద తల వాల్చి, సగం మొహం ఇటు తిప్పి పిల్లనే చూస్తోంది. మాస్టారికీ అనుమానం రాలేదు. సంబరపడి నన్ను అసిరమ్మకే ఇచ్చేశారు.

ఆమె నన్ను తిన్నగా పటాలు కట్టే కొట్టుకు తీసుకెళ్లింది. అక్కడున్న ఫ్రేము నాకంటే చిన్నది.

"ఈపక్క కొంచెం కొయ్యాలప్పా," అన్నాడు కొట్టతను. "ఎవరో ఆడమనిషి కక్కుకుంటంది కూడాను. తీసేత్తే పటం శుభ్రంగా ఉంటాది."

అసిరమ్మ వంగి చూసింది.

"పాపం, ఏ తల్లి కన్న బిడ్డో," అంది. "సరే, కొయ్యి నాయనా. మాయమ్మ మాత్తరం నలగకుండా సూడు."

కత్తెర నడిచింది. కాగితాన్ని, ఏమని అరవను? ఆ ముక్క గాజుపెంకుల్లో పడి చీపురుతో పోయింది.

ఇప్పుడు ఆమె ఇంటి గోడ మీద ఉన్నాను. పండగ వస్తే నాకు సిగ్గుతో చచ్చినంత పనవుతుంది. పరాయి నుదుటికి ఎదురుగా అద్దం మీద బొట్టు పెట్టి, అన్నం, చేపల పులుసు ముందుంచి, "తినమ్మా" అంటుంది. ఆ ఆవిరి నాకు తగులుతుంది.

అంచున ఒక చెయ్యి మాత్రం మిగిలింది, మణికట్టు వరకు. పాప రెండో కాలి మడమను వదలకుండా గట్టిగా పట్టుకుని ఉంది. అద్దం తుడిచేటప్పుడల్లా అసిరమ్మ గుడ్డ అక్కడ ఆగుతుంది.

"ఎవులిదో ఈ సెయ్యి," అంటుంది. "నన్నొగ్గనేదు."