రిహార్సల్ ప్రశ్న

క్విజ్ షో ఆఖరి రౌండు ప్రశ్న తెర మీదికి వచ్చింది. కంట్రోల్ రూమ్‌లో ప్రొడ్యూసర్ టీ కప్పు కింద పెట్టేసింది.

పొద్దున రిహార్సల్‌లో అడిగిన ప్రశ్న అది. లైట్లు సరిచూసుకోవడానికి పోటీదారుణ్నే కుర్చీలో కూర్చోబెట్టి, పనికిరావని పక్కనపెట్టిన ప్రశ్నలు అడగడం అక్కడి అలవాటు. ఆ తర్వాత వాటిని కంప్యూటర్లోంచి తీసేసి అసలువి ఎక్కించాలి. ఎక్కించాల్సినవాడు ఆమె తమ్ముడు. పొద్దున ప్రశ్నలు చదివిందీ వాడే. డైరెక్టర్ అప్పటికింకా రాలేదు. లైట్లవాళ్లు ప్రశ్నలు వినరు. అంటే ఈ సంగతి తెలిసింది అక్కాతమ్ముళ్లకీ, కుర్చీలో ఉన్న స్కూల్ బస్సు డ్రైవరుకీ మాత్రమే.

చప్పట్లు కొట్టమని ప్రేక్షకులకు సైగచేసే పనితో మొదలుపెట్టి ఇంతదాకా వచ్చింది ఆమె. ప్రశ్నల దగ్గర తప్పు చేసిన సిబ్బంది ఆ పూటే ఉద్యోగం వదిలి ఇంటికి పోవాలన్న రూలు ఆమె పెట్టిందే. ఇద్దరిని పంపింది కూడా. తమ్ముడు ఏ ఉద్యోగంలోనూ నిలవలేదు. ఇక్కడ చేర్పించేటప్పుడు "వీణ్ని నీ చేతుల్లో పెడుతున్నానే" అంది అమ్మ.

"డ్రైవరు మొహం చూడండి మేడం! ఏం టెన్షను!" డైరెక్టర్ మురిసిపోయాడు. "క్లోజప్ వేస్తున్నా."

కంప్యూటర్ ముందు కుర్చీలోంచి తమ్ముడు వెనక్కి తిరిగాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆఫీసులో మేడం అనాలన్నది ఇంకో రూలు. మర్చిపోయాడు.

"అక్కా... వదిలెయ్యవే. ఎవడికి తెలుస్తుంది?"

ఆమె మైకు దగ్గరికి వంగింది. "ఆపండి."

ఫ్లోర్ మీదికి దిగి డ్రైవరుతో చెప్పింది. "మా పొరపాటండీ. వేరే ప్రశ్న అడుగుతాం."

అతను నుదురు తుడుచుకున్నాడు. "బతికించావమ్మా! పొద్దున అడిగిందే మళ్లీ అడుగుతున్నారంటే ఇందులో ఏదో మెలిక ఉందనుకుని చస్తున్నా."

కొత్త ప్రశ్నకి తప్పు చెప్పాడు. "ముందుదే నయం కదమ్మా!" అన్నాడు. హాలంతా నవ్వింది.

ఆమె పైకి వచ్చేసరికి తమ్ముడు మెళ్లో ఐడీ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"అమ్మకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేను చెప్తా. ఇంటికెలా వెళ్తావు?"

"నీ కార్లోనే. ఇంకెలా?"

"నాకింకో ఎపిసోడ్ ఉందిరా."

"ఉంటే ఉండనీ. కూర్చుంటా."

కంట్రోల్ రూమ్‌లో బయటివాళ్లు ఉండకూడదు. వాడే గుర్తు తెచ్చుకుని కిందికి దిగాడు. ప్రేక్షకుల్లో చివరి వరసలో ఖాళీ ఉంది.

"అసలు ప్రశ్నలు ఎక్కించావా?" అడిగింది ఆమె, తమ్ముడి కుర్చీలోకి కొత్తగా వచ్చినమ్మాయిని.

"ఎక్కించాను మేడం."

"చూపించు."

చూసింది. రికార్డింగ్ మొదలైంది. కింద ఫ్లోర్ మనిషి చెయ్యెత్తాడు. అందరితోపాటు తమ్ముడూ చప్పట్లు కొట్టాడు.