ఆవిరిలో చేతులు మారిన పిల్ల

మొన్నటిదాకా నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఏమిటంటే, నాకేదైనా అయితే నా కూతురు ఇంకెవరి చేతి ముద్దా తినదు. నారెకి అప్పుడు రెండేళ్ల రెండు నెలలు. నేను తప్ప ఎవరెత్తుకున్నా ఒళ్లు వెనక్కి విరుచుకుని, ముఖం కందిపోయేదాకా ఏడ్చేది. వాళ్ల నాన్న దగ్గర కూడా నేను కంటికి కనిపిస్తుంటేనే ఊరుకునేది. సావో పావ్లోలో మాది బట్టలు కుట్టే పని. కింద మిషన్లు, పైన మేము. జ్వరమొచ్చినా పిల్లని వీపున కట్టుకునే కుట్టేదాన్ని. ఒకసారి మిషను సూది వేలిలో దిగింది. ఆసుపత్రిలో కట్టు కట్టినంతసేపూ పిల్ల నా ఒళ్లోనే ఉంది. నన్ను లోపల పడుకోబెట్టి ఉంటే అది ఎవరి దగ్గర ఉండేది? ఆ ప్రశ్న ఆ రోజు పట్టుకుంది, ఇంక వదల్లేదు.

అందుకే ఐదేళ్ల తర్వాత కొత్త సంవత్సరం పండగ సెలవులకి కొరియాలోని మా ఊరు తొంగ్యొంగ్ బయల్దేరినప్పుడు, నేను మనసులో పెట్టుకున్నది ఒకటే పని. పిల్లని మల్‌జా పిన్నికి అలవాటు చెయ్యాలి. మా అమ్మ పోయాక నన్ను పెంచింది పిన్నే. తన పిల్లలు ముగ్గురు, నాతో నలుగురు. పిన్ని ఎత్తుకుంటే ఏడుపు మానని పిల్ల మా వీధిలో లేదు.

బస్టాండులో పిన్నిని చూడగానే నారె పెట్టిన కేకకి డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు.

పిన్ని మూడు రోజులు విడవకుండా ప్రయత్నించింది. స్ట్రాబెర్రీలు తెచ్చింది. నెత్తిమీద గిన్నె మూత పెట్టుకుని గంతులేసింది. చివరికి నా వాసన వస్తుందని నా పాత కోటు తొడుక్కుని దగ్గరికి వెళ్లింది. నారె ఆ కోటుని చూసి, పిన్నిని చూసి, నన్నెవరో దోచుకున్నారన్నట్టు ఇంకా గట్టిగా ఏడ్చింది. పిన్నికి ఎండు నెత్తళ్ల వ్యాపారం. ఆ చేతుల వాసన పిల్లకి పడటం లేదని పిన్ని కూతురు, మా చెల్లెలు అంది. దాంతో పిన్ని రెండు పూటలు దానితో మాట్లాడలేదు.

"నలుగురిని పెంచిన చేతులివి, దాసోమ్. ఈ గుప్పెడు పిల్ల నన్ను దొంగని చూసినట్టు చూస్తుందేమిటే?" అని నా దగ్గర మాత్రం వాపోయింది.

నాలుగో రోజు పండగ ముందు రోజు. ఆ రోజు మా ఊళ్లో ఎవరూ ఇంట్లో స్నానం చెయ్యరు. ఏడాది మట్టి ఒంటిమీద ఉంచుకుని పెద్దలకి మొక్కకూడదు. ఆడవాళ్లంతా చేపల బజారు వెనకున్న స్నానాల ఇంటికి పోవాల్సిందే. నేల జారుతుందని, వేడినీళ్లకి పిల్ల ఒళ్లు కాలుతుందని, ఆవిరికి ఊపిరాడదని నేను మొదలుపెట్టాను. ఆ నీళ్లలోనే పెరిగావు, నీ తోలేమైనా ఊడిందా అని పిన్ని నా నోరు మూయించింది.

లోపల అడుగు పెట్టే చోటు లేదు. ఆవిరిలో పక్క మనిషి కనపడటం లేదు. పిన్ని కళ్లజోడు బట్టల పెట్టెలో ఉండిపోయింది. అది లేకపోతే తన చెయ్యి తనకే కనపడదు. నేను నారెని ఒళ్లో పెట్టుకునే తల రుద్దుకుంటుంటే నురగ దాని కళ్లలో పడింది. రెండు నిమిషాలు ఇలా ఇవ్వు, తల కడుక్కుని రా అని పిన్ని లాక్కుంది. పిల్ల ఏడుపు ఆ ఇంటి కప్పుకి తగిలింది. నేను గబగబా కుళాయి కిందికి పరిగెత్తాను.

కుళాయి దొరకడానికే పది నిమిషాలు పట్టింది. తలకి తువ్వాలు చుట్టుకుని తిరిగొచ్చేసరికి పిన్ని వేడినీళ్ల తొట్టిలో గడ్డందాకా మునిగి, కళ్లు మూసుకుని హాయిగా ఉంది. ఒక్కతే ఉంది.

"పిన్నీ, పిల్లేది?"

"నీకిచ్చాగా."

"నాకెప్పుడిచ్చావు?"

"ఇందాకే. గులాబీరంగు తువ్వాలు చుట్టుకుని వచ్చి చేతులు చాపావు. ఇచ్చాను." అంటూ కళ్లు తెరిచి, ముక్కు నా ముఖానికి తగిలేంత దగ్గరగా వచ్చి చూసింది. తొట్టిలోంచి ఒక్క ఉదుటున లేచింది.

స్నానాల ఇంటివాళ్లు ఇచ్చే తువ్వాళ్లన్నీ గులాబీరంగువే. అక్కడ ఎనభైమంది ఆడవాళ్లున్నారు.

ఎవరెత్తుకున్నా నారె ఏడవాలి. ఏడిస్తే ఇల్లంతా వినపడాలి. ఏ మూలనుంచీ ఏడుపు లేదు. అంటే పిల్ల ఎవరి చేతుల్లోనూ లేదు. ముందు చన్నీళ్ల తొట్టిలోకి చూశాను, అడుగుదాకా. తర్వాత వేడినీళ్ల తొట్టి. తర్వాత చెమట పట్టించే ఉప్పు గది. పరిగెత్తొద్దు, పడతావని ఎవరో కసిరారు. పిన్ని నా వెనకే వస్తూ ఒక్కొక్కరి ముఖంలో ముఖం పెట్టి, ఏడుస్తున్న పిల్లని చూశారా అని అడుగుతోంది. ఏడ్చే పిల్లలెవరూ లేరమ్మా, అటు చివర ఒకామెకి వీపు రుద్దుతున్న పిల్ల మాత్రం ఉంది అందొకామె.

ఆ చివర, కురచ పీటమీద సన్నటి మనిషి ఒకామె మాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. ఆమె వెనక మా నారె ఉడికిన రొయ్యలా ఎర్రగా నిలబడి ఉంది. మట్టి రుద్దే ఆకుపచ్చ సంచిని చేతికి మోచేతిదాకా తొడుక్కుని, నాలిక బయటపెట్టి, పట్టుదలగా రుద్దుతోంది.

"ఇంకొంచెం కింద," అంది ఆమె తిరిగి చూడకుండా.

నేను పిల్లని లాక్కుని గుండెకి హత్తుకున్నాను. అప్పుడు ఏడ్చింది నారె. పని మధ్యలో లాగేసినందుకు ఏడ్చింది. చెయ్యి అటే చాపుతోంది.

ఆమె తీరిగ్గా తిరిగింది. అరవై దాటిన మనిషి. "వాళ్లమ్మవి నువ్వేనా? నేను తొట్టి అంచు పట్టుకుందామని చేతులు చాపితే ఆ పెద్దావిడ పిల్లని పెట్టింది. ఒళ్లు రుద్దమని ఇచ్చిందనుకున్నా. నేను రుద్దాను. ఇప్పుడు అది నాకు రుద్దాలి కదా. సగమే అయింది."

అందులో ఆమె తప్పేమీ లేదు. ఒంటరిగా వచ్చినవాళ్లు పక్కవాళ్ల వీపు రుద్ది, వాళ్ల చేత తమ వీపు రుద్దించుకోవడం మా దగ్గర మామూలే. పేరు కూడా అడగరు.

పిన్ని సిగ్గుతో తల వంచుకుంది. "సన్నగా ఉంటే మా దాసోమ్ అనుకున్నా."

"నేను అరవై ఏళ్లదానిలా ఉన్నానా పిన్నీ?"

"అరవై నాలుగు," అని సరిదిద్దింది ఆమె. "నాకు మాత్రం సంతోషంగానే ఉంది."

ఆమె పేరు జొమ్‌రే. రేవులో ఆల్చిప్పలు ఒలిచే షెడ్డులో పని. నారె నా చేతుల్లోంచి జారి వెళ్లి, మిగిలిన సగం వీపు కూడా రుద్ది వచ్చింది. బట్టలు మార్చుకునే గదిలో అరటిపండు పాలు నేనిస్తే మూతి తిప్పుకుని, జొమ్‌రే పట్టుకుంటే చివరి చుక్కదాకా తాగింది. ఏం చేసి ఊరుకోబెట్టారని అడిగాను.

"చెయ్యడానికేముంది. మట్టి చాలా ఉంది. రుద్దాను."

నా పిల్లకి రోజూ నేనే స్నానం చేయిస్తానని చెబుదామనుకుని ఊరుకున్నాను.

పండగ వెళ్లిన మర్నాడు బియ్యప్పిండి బిళ్లలు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాం. రేవు పైనున్న కొండకి నూటపన్నెండు మెట్లు. పిన్ని మోకాళ్లు పదో మెట్టు దగ్గరే మొరాయించాయి. నువ్వు పో, నేనిక్కడ ఎండ కాచుకుంటా అని కూర్చుండిపోయింది. నారె జొమ్‌రేని చూసి నా చెయ్యి వదిలేసింది. ఆమె ఆ బిళ్లలతో చారు కాస్తుంటే, నా భయం మొత్తం ఆమెకి చెప్పాను. ఎవరికీ అంత వివరంగా చెప్పలేదు, మా ఆయనకి కూడా.

ఆమె గరిటె తిప్పడం ఆపలేదు. "అయితే బయటికి పో. గంట ఆగి రా."

"ఏడిస్తే?"

"ఏడుస్తుంది. ఏడ్చాక తింటుంది."

తలుపు దాటి నాలుగు మెట్లు దిగి, గోడ వారన నిలబడ్డాను. అంతకంటే దూరం పోలేకపోయాను. ఏడుపు మొదలైంది. రెండు మెట్లు ఎక్కాను. ఏడుపు పెరిగింది. ఇంకో మెట్టు ఎక్కి, గోడ పట్టుకుని ఆగాను. తర్వాత ఏడుపు ఎక్కిళ్లయింది. తర్వాత అదీ లేదు. గిన్నెకి చెంచా తగిలిన చప్పుడు వినిపించింది. మళ్లీ వినిపించింది.

కింద నుంచి పిన్ని ఫోన్ చేసింది. తింటున్నట్టుందని చెప్పాను. నలుగురిని పెంచిన మనిషికి అది చిన్న దెబ్బ కాదు.

"సరే కానీ, పిల్లని ఆవిడ చేతిలో పెట్టింది నేనే, మర్చిపోకు," అంది. "కళ్లజోడు పెట్టుకుని ఉంటే ఇదంతా జరిగేదా?"

గంటయ్యాక లోపలికి వెళితే నారె నన్ను చూసి నవ్వింది కానీ లేవలేదు. గిన్నె ఖాళీ. నేను గుమ్మంలోనే కూర్చున్నాను. జొమ్‌రే నాకూ ఒక గిన్నె చారు పెట్టి, ముందు నువ్వు తిను, పిల్లకంటే నువ్వే చిక్కావు అంది.

ఆ తర్వాత పదిరోజులు, ఆమె షెడ్డు నుంచి రాగానే పిల్లని ఒక గంట ఆమె దగ్గర వదిలేదాన్ని. ఆఖరి రోజు ఏకంగా మూడు గంటలు వదిలి జుట్టు ఉంగరాలు తిప్పించుకున్నాను. పిల్ల పుట్టాక అద్దం ముందు అంతసేపు కూర్చోవడం అదే మొదలు.

ఇక్కడికి తిరిగొచ్చాక ప్రతి ఆదివారం ఫోనులో ఆమె కనపడేది. ఇంకో ముద్ద అని ఆమె అక్కడి నుంచి అంటే, నారె వాళ్ల నాన్న చేత్తో తినేది. మా ఆయన ఆ ముద్దల లెక్క కింద మిషన్ల దగ్గర అందరికీ చెప్పుకునేవాడు.

రెండు ఆదివారాలుగా జొమ్‌రే ఫోను ఎత్తడం లేదు. పిన్ని మోకాళ్ల ఆపరేషనుకి పూసాన్ నగరానికి వెళ్లి మా చెల్లెలి ఇంట్లో ఉంది. ఇది ఆల్చిప్పల పని ముగిసే కాలం, అలసిపోయి పడుకుని ఉంటుందిలే అంటుంది. ఫోను ఎక్కడ పెట్టిందో మర్చిపోయే మనిషి కూడాను. నాకు తెలుసు. అయినా ఆదివారం పొద్దున్నే నారె ఫోను తెచ్చి నా ఒళ్లో పెడుతోంది.

మీలో ఎవరైనా తొంగ్యొంగ్‌లో ఉంటే, లేదా అటు వెళ్లే పని పడితే, రేవు పైన మెట్లన్నీ ఎక్కండి. చివర ఎడమ చేతివైపు నీలం తలుపు. గట్టిగా కొట్టండి, ఆమెకి చెవులు కొంచెం మందం. జొమ్‌రే ఎలా ఉందో ఒకసారి చూసి, నాకు కబురు చెయ్యండి.