కోటు మందం

తడిగుడ్డను తుపాకి మడమ మీద పరిచి ఇస్త్రీపెట్టె ఆనించాడు ఓరిన్. చుయ్యిమని ఆవిరి లేచింది. గుడ్డ తీసి చూస్తే, ఏ వేటలోనో పడ్డ సొట్ట సగం పైకి ఉబ్బింది. వాల్‌నట్ కర్రకు దెబ్బ తగిలితే గీకకూడదు, నీళ్లు పట్టించి వేడి చూపిస్తే తనంతట తనే లేస్తుందని అతని నమ్మకం. గుడ్డ మళ్లీ తడిపాడు.

ఆ పెట్టె అతని భార్య వెల్డాది. ఆదివారం చొక్కా మీద మరక పడినప్పుడల్లా, నా పెట్టెతో మళ్లీ తుపాకులకు ఇస్త్రీ చేశావా అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచేది. అయినా ఈ మహానుభావుడు వేరే పెట్టె కొన్న పాపాన పోలేదు. ఇప్పుడు అరిచేవాళ్లు లేరు. కడుపులో గడ్డ కోయడానికి వీల్లేదని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఆమె ముందుగదిలో, కిటికీ పక్క మంచం మీదే ఉంటోంది.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక పెన్సిల్వేనియా కొండల్లోని హార్డ్‌వేర్ కొట్లలో సైనికుల తుపాకులు పీపాల్లో నిలబెట్టి అమ్మేవారు, చీపుళ్లు అమ్మినట్టు. ఓరిన్ వాటిని తెచ్చి, వేడినీళ్లతో నల్లటి జిడ్డు కడిగి, ముందుభాగం కర్ర కోసేసి, బరువు తగ్గించి, జింకల వేటకు పనికొచ్చేలా చేసేవాడు. జీవితమంతా చేసింది అదే. దేని మీదా తన పేరు వేసుకోలేదు. చుట్టుపక్కల అతని చెయ్యి పడిన తుపాకి లేని ఇల్లు అరుదు, కానీ అది ఎవరి పనో చాలామంది మరిచిపోయారు కూడా.

ఒక్క విషయంలో మాత్రం మొండివాడు. ఎవరొచ్చినా మొదటి ప్రశ్న, కోటు తెచ్చావా? వేట మొదలయ్యేది నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ దాటిన సోమవారం, మంచులో. చొక్కా మీద కొలత తీసి చేస్తే, మందపాటి ఉన్నికోటు మీద ఆ తుపాకి చంకలో తట్టుకుంటుంది. నువ్వు సర్దుకునేదాకా జింక నిలబడదు. పక్క పొలం హార్లాన్‌ను నడివేసవిలో ఇంటికి తిప్పి పంపించి, కోటు తొడిగించి, చెమటలు కారుతుంటే కొలిచాడు. ఊరంతా ఏడాదిపాటు నవ్వుకుంది.

ఆ హార్లానే ఈ పొద్దున తన తుపాకి తీసుకెళ్లడానికి వచ్చి, భార్య పంపిన యాపిల్ జాము సీసా బల్ల మీద పెట్టాడు. రేపు వేటకు కొండెక్కుతావా అని అడిగాడు. తనూ వెల్డా కలిసి పై పొలం దాకా వెళ్తామన్నాడు ఓరిన్. హార్లాన్ టోపీ తీసి దాని లోపలికి చూసుకుని, మళ్లీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

బల్ల మీదున్నది వెల్డా తుపాకే. పెళ్లయిన ఏడాది అతను మొట్టమొదట చేసింది. అప్పటి నుంచి ఏ ఏడాదీ ఆమె మొదటిరోజు వేట తప్పలేదు. ఆమె చిక్కిపోతున్నకొద్దీ దాన్నీ చెక్కి తేలిక చేస్తూ వచ్చాడు. మొన్న ఆమే పిలిచి, పొడుగైపోయింది, కాస్త తగ్గించమంది. మంచం మీదే మోచేతి మడత నుంచి వేలిదాకా కొలిచి, మడమ కోశాడు.

మధ్యాహ్నానికి అవిసె నూనె రుద్దడం ముగించి తుపాకి లోపలికి తీసుకెళ్లాడు. వెల్డా దిండుకు ఆనుకుని భుజానికెత్తింది. గొట్టం కింద అతను రెండు వేళ్లు ఆన్చాడు, ఆమె చూడనట్టే ఊరుకుంది.

"బాగా కుదిరింది," అంది. తుపాకి దించి, "కోటు లేకుండా కొలిచావు, ఓరిన్," అంది.

అతను కిటికీలోంచి బయటికి చూశాడు.

"మర్చిపోయాను."

"నువ్వా?"

ఆమె గొంతులో కోపం లేదు, అందుకే అతనికి ఇంకా సిగ్గేసింది. మర్చిపోలేదు. కోటు ఎదురుగా కొక్కేనికే వేలాడుతోంది. చెయ్యి దానివైపు పోలేదు, అంతే. ఆమె ఇక బయటికి రాదని తను ఒప్పుకోకముందే తన చెయ్యి ఒప్పేసుకుంది. ఆ సంగతి ఆమెకూ తెలిసిపోయింది.

"తీసుకురా ఆ కోటు."

ఎర్రగళ్ల ఉన్నికోటు. చంటిపిల్లకు తొడిగినట్టు తొడిగాడు. కోటు చేతులు ఆమె వేళ్లు దాటి జారాయి. తుపాకి ఎత్తబోతే మడమ చంకలో తట్టుకుంది.

"చూశావా? కొయ్యి."

"ఇప్పుడా?"

"మరి వేట రేపే కదయ్యా. నేనీ కోటు తీయనులే, నువ్వు మళ్లీ కొలవాలంటావు. వచ్చేటప్పుడు నా ఇస్త్రీపెట్టె కూడా పట్రా. ఏం మిగిల్చావో చూస్తాను."

అతనికి నవ్వొచ్చింది, కళ్లూ చెమర్చాయి. కోటు మీదే మళ్లీ కొలిచి, పెన్సిలుతో గీత గీసుకుని షెడ్డుకు వెళ్లాడు. గీత పట్టి రంపం నిదానంగా నడిపాడు. ముక్క ఊడి పొట్టులో పడింది. అంచులు నున్నగా చేసి, ఇనపపట్టీ బిగించి, నూనె పట్టించాడు. ఆమె తుపాకి పనిలో అతను ఏనాడూ తొందరపడలేదు, ఈ రోజూ పడలేదు. బయట మంచు మొదలైంది. ఇస్త్రీపెట్టె మాత్రం మర్చిపోయి వచ్చాడు.

"ఇప్పుడు చూడు," అంటూ తుపాకి ఆమె ఒళ్లో పెట్టాడు.

వెల్డా కిటికీ వైపు తిరిగి ఉంది. గడ్డం కోటు కాలరులో దిగింది. కోటు చేతిలోకి తన చెయ్యి పోనిచ్చి చూశాడు. ఉన్నిలో ఇంకా వెచ్చగానే ఉంది, కానీ వేళ్లు అతని వేళ్లను పట్టుకోలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. కోటు తీయలేదు.

మర్నాడు తెల్లారుతుండగా కొండల మీద తుపాకులు మోగాయి. షెడ్డులో బల్ల మీద, చల్లారిన ఇస్త్రీపెట్టె పక్కన, రంపపు పొట్టులో ఆ వాల్‌నట్ ముక్క పడి ఉంది, సరిగ్గా ఒక కోటు మందాన.