స్టెప్నీ మీద పరుపు

ఆ కారు హారన్ వినపడితే చాలు, ఆమెకి ఒంటికి కారం రాసుకున్నట్టుంటుంది. అలాంటిది ఆ రోజు ఆ కారే వచ్చి సరాసరి ఆమె వాకిట్లో ఆగింది. చెక్కకి చిత్రిక పడుతున్న చెయ్యి ఆగిపోయింది.

దిగింది బావగారు, ఆమె మొగుడికి సొంత అన్న. నీళ్ళ మోటార్లు అమ్ముతూ ఊళ్ళు తిరుగుతుంటాడు.

"అమ్మాయ్, నీకో మంచి పని తెచ్చా," అన్నాడు వెనక తలుపు ఎత్తుతూ. "వెనక సీట్లు పీకించేశా. ఇక్కడ మంచెలా ఒకటి కట్టాలి. పైన పడక, కింద సామాన్లకి సొరుగులు. ఇక లాడ్జీల గొడవే ఉండదు. మీ అక్కా పిల్లాడూ కూడా వస్తామని ఒకటే గోల."

సీట్లు పీకించేశాడట! ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పోయిన వానల్లో ఒక సాయంత్రం ఆమె కూతురికి ఆయాసం వచ్చింది. మొగుడు టింబర్ డిపో లారీ తోలుకుని ఎటో పోయాడు. పిల్లని భుజాన వేసుకుని పక్క వీధిలో ఉన్న బావగారింటికి పరిగెత్తింది. ఆయన గుమ్మంలోనే నిలబడి, "సీట్లకి నిన్ననే కొత్త తొడుగులు వేయించానమ్మా. పిల్లేమో కక్కుతోంది. ఆటో పిలుచుకోరాదూ," అన్నాడు. వెనకాల తోడికోడలు తలుపు పట్టుకుని చూస్తూ నిలబడింది తప్ప నోరు విప్పలేదు. ఆ వానలో ఏ ఆటోవాడు వస్తాడు? చివరికి ఎవరిదో కూరగాయల బండిలో ఆసుపత్రికి చేరారు. డాక్టరమ్మ "ఇంకాస్త ఆలస్యమైతే..." అని ఆపేసింది. ఆపేసిన ఆ సగం మాట ఆమె చెవిలో ముల్లులా ఉండిపోయింది. ఇప్పటికీ పిల్ల నిద్రపోతుంటే ముక్కు కింద వేలు పెట్టి చూసుకుంటుంది.

ఏ సీట్ల కోసం పిల్లని ఎక్కనివ్వలేదో, ఆ సీట్లు ఇప్పుడు ఏ షెడ్డులోనో దుమ్ము కొట్టుకుపోతున్నాయన్నమాట.

"అన్నయ్య పని మనకొద్దు. చెయ్యలేనని చెప్పెయ్," అన్నాడు మొగుడు లోపలికొచ్చి.

"ఎందుకు చెయ్యలేనూ? బ్రహ్మాండంగా చేస్తా," అంది ఆమె. ఆ గొంతు విని అతను వెనక్కి తగ్గాడు.

ఏడో తరగతి మధ్యలో బడి మానిపించి, చెక్కకి అవతలి కొస పట్టుకోమని నిలబెట్టాడు ఆమె తండ్రి. కర్రపని అలా అబ్బింది. కారు లోపల ఒక్క గోడా తిన్నగా ఉండదు. చక్రాల దగ్గర పొట్టలా ఉబ్బి ఉంటుంది, పైకి పోయేకొద్దీ ఇరుకవుతుంది. అట్టముక్కలు కత్తిరించి ఆ ఒంపులకి ఆనించి, అచ్చు తీసుకుని అప్పుడు చెక్క కోసింది.

అడుగు చూద్దామని వెనక మ్యాట్ ఎత్తితే గుంటలో స్టెప్నీ టైరు కనబడింది. దాని పక్కనే జాకీ, పానాలు, స్క్రూడ్రైవర్ ఉన్న సంచీ.

కింద ఏముందో దానికి దారి వదలకుండా పైన మూత బిగించకూడదు. తండ్రి నేర్పిన మొదటి పాఠం అది. అక్కడ ఒక చిన్న తలుపు పెట్టాలి.

ఆ గుంట వంక ఆమె చాలాసేపు చూసింది. మ్యాట్ మళ్ళీ కప్పేసింది.

తలుపు పెట్టలేదు. చట్రం కారు నేలకి బిగించింది, రెండు పక్కలా సొరుగులు పెట్టి నడుమ మూసేసింది, మీద ప్లైవుడ్ పరిచింది, స్క్రూ తలల మీద లప్పం పూసి కార్పెట్ అంటించింది. చీమ దూరే సందు లేదు. కానీ అంచులన్నీ గరుకు కాగితంతో అరచేయి జారేలా రుద్దింది. దాని మీద పిల్లాడు దొర్లుతాడు. వాడికి గీత పడకూడదు. ఆయనకి మాత్రం చెమట పట్టాలి. ఒక్కసారైనా నడిరోడ్డు మీద దిక్కులు చూడాలి.

కారు అప్పగించేటప్పుడు మాత్రం దాచుకోకుండా చెప్పింది. "ముందు టైరు బోడిగుండులా ఉంది బావగారూ. మార్పించండి."

"స్టెప్నీ ఉందిగా! నువ్వు చెక్కపని చూసుకో చాలు," అంటూ ఆయన పరుపెక్కి వెల్లకిలా పడుకున్నాడు. "అబ్బ! మంచి పని చేశావమ్మాయ్!"

"మీ కోసమే కదా," అంది ఆమె.

వాళ్ళు బయల్దేరిన రోజు మధ్యాహ్నమే ఫోనొచ్చింది. మొగుడు విని, అయోమయంగా ఆమెకిచ్చాడు.

"టైరు పేలింది! స్టెప్నీ ఎక్కడ పెట్టావ్?" అని అరుస్తున్నాడు బావగారు.

"నేనెక్కడ పెడతాను? ఎక్కడున్నది అక్కడే ఉంది. మంచె కింద."

"దారేదీ?"

"కార్పెట్ లాగి, లప్పం గీకి, స్క్రూలు విప్పుకోండి."

"స్క్రూడ్రైవరో?"

"అదీ కిందే."

అవతల కాసేపు చప్పుడు లేదు. అంత కమ్మటి నిశ్శబ్దం ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

"ఎవరినైనా అడగలేకపోయారా?" అంది తాపీగా.

"అడిగా. ఒక్కడూ ఆపడంలేదు. మీ ఆయన బండెక్కి నువ్వే రా!"

ఫోన్ పెట్టేసి ఆమె టీ పెట్టుకుంది. ఒకటొకటిగా గిన్నెలు కడిగింది. పిల్లకి అన్నం కలిపి, చిన్న చిన్న ముద్దలు చేసి పెట్టింది. "ఏమిటే ఈ నిదానం? అన్నయ్య ఎండలో ఉన్నాడు," అని మొగుడు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"ఆ రోజు మేం వానలో లేమూ?"

మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి వెనకాల పిల్లాడు నీళ్ళ కోసం గుక్కపట్టి ఏడుస్తున్నాడు. వాడేం చేశాడు పాపం! టీ అక్కడే వదిలేసి, బ్యాటరీ డ్రిల్లూ రంపమూ సంచీలో వేసి, నీళ్ళ సీసాలు నింపింది. పిల్లని మధ్యలో కూర్చోబెట్టుకుని మొగుడి వెనక బండెక్కింది.

టోల్‌గేటు దాటాక చెట్టూ చేమా లేని రోడ్డు. పరుపూ పెట్టెలూ మట్టిలో పడున్నాయి. కార్పెట్ సగం చిరిగి వేలాడుతోంది. ఆయన చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది. ఆమె ముందు పిల్లాడికి నీళ్ళు తాగించి, తర్వాత కారులోకి దూరింది. చెక్కలు ఒక్కొక్కటే ఊడదీసి ఆయన చేతికందించింది. మొగుడు టైరు మార్చాడు.

"కావాలనే చేశావు కదూ?" అన్నాడు బావగారు పళ్ళు నూరుతూ.

ఆమె స్క్రూలన్నీ గుప్పిట్లో పట్టుకుని నిలబడింది. మొగుడు చూస్తున్నాడు, తోడికోడలు చూస్తోంది. కావాలని కాదంటే ఎవరూ తప్పుపట్టలేరు. మర్చిపోయానంటే సరిపోతుంది.

"అవును, కావాలనే," అంది. "ఆ సాయంత్రం నా పిల్ల పెదాలు నీలంగా అయ్యాయి బావగారూ. మీరు తొడుగులు చూసుకున్నారు. మళ్ళీ ఆయాసం వస్తే ఈ కారు కదులుతుందా, కదలదా? ఇక్కడే చెప్పండి. తర్వాత బిగిస్తా."

"బెదిరిస్తున్నావా? ఒరేయ్, నీ పెళ్ళానికి చెప్పరా!"

"నేనూ ఆ మాటే అడుగుదామనుకుంటున్నా అన్నయ్యా," అన్నాడు మొగుడు పానా తుడుచుకుంటూ.

బావగారు అటూ ఇటూ చూశాడు. అప్పుడు తోడికోడలు హ్యాండ్‌బ్యాగ్ తెరిచి ఒక తాళం తీసి ఆమె చేతిలో పెట్టింది.

"ఇది రెండో తాళం. మీ ఆయనకి బండి తోలడం వచ్చుగా. మేం ఊళ్ళో ఉన్నప్పుడు మమ్మల్ని లేపనక్కర్లేదు కూడా."

"నన్నడక్కుండా ఇస్తావా?"

"మిమ్మల్నేం అడగాలి? కారు నా పేరు మీదుంది," అని ఆవిడ ఆమె వైపు తిరిగింది. "ఆ రోజు కూడా నా పేరు మీదే ఉందమ్మాయ్. నేనే నోరు మూసుకున్నా."

ఆమె తాళం కొంగున ముడేసుకుంది. కడుపులో మంట చల్లారిందా అంటే, లేదు. అదంత తొందరగా చల్లారేది కాదు. కానీ పిల్ల గురించి గుండెల మీదున్న బండ కాస్త పక్కకి జరిగినట్టయింది.

ప్లైవుడ్ మీద పెన్సిలుతో చదరంగా గీత గీసి రంపం తీసింది.

"ఆ కొస పట్టుకోండి బావగారూ. తలుపు కోస్తున్నా."

ఆయన గొణుగుతూనే వంగి పట్టుకున్నాడు.

"కదలకండి. చెక్క వణికితే కోత వంకర పోతుంది."

బావగారు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఆమె ఏమీ తొందరపడకుండా కొయ్యడం మొదలుపెట్టింది.