గదిలో రెండో మనిషి

ఆస్పత్రి బిల్లుల కౌంటర్లో పనిచేసే ఆమెకు ఏఐ సర్టిఫికెట్ పరీక్ష గండంలా వచ్చిపడింది. పాసైతేనే కొత్త విభాగంలో కుర్చీ, లేకపోతే ఇంటిదారే. ఆ భారం సగం నాన్న నెత్తికెత్తుకున్నాడు. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి, రోజూ ఆమె కూరలు తరుగుతుంటే కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని ప్రశ్నలు చదివేవాడు. ఆమె తడబడితే ఆగలేక జవాబు తనే చెప్పేసేవాడు.

"చూశావా, నాకే వచ్చేసింది!"

పరీక్ష ఇంట్లోనే, కెమెరా ముందు. గదిలోకి రెండో మనిషి వస్తే రద్దు. ఆ మాట నాన్నకి చిలక్కి చెప్పినట్టు చెప్పింది. తీరా తనే, అలవాటు కొద్దీ, ఒక ప్రశ్న పైకి చదివేసింది. తననే అడుగుతోందనుకుని ఆయన జవాబుతో సహా తలుపు తోసుకుని వచ్చేశాడు.

ల్యాప్‌టాప్‌లోంచి పర్యవేక్షకుడి గొంతు కస్సుమంది. "ఎవరండీ అది?"

ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి. "ఎవరూ కాదండీ! పొరపాటున వచ్చారు."

నాన్న పిల్లిలా వెనక్కి వెళ్లిపోయాడు.

హెచ్చరికతో వదిలేశారు. పరీక్ష గట్టెక్కింది. నాన్నే వీధంతా చాటాడు కూడా.

మర్నాడు పొద్దున ఆమె గది తలుపు ఎవరో తట్టారు. ఆ ఇంట్లో తలుపు తట్టే అలవాటు ఎవరికీ లేదు.

"ఎవరూ?"

"ఎవరూ కాదులేమ్మా, నేనే. కాఫీ తెచ్చాను."

ఆ గొంతులో కోపం లేదు, నవ్వే ఉంది. గడియ మీద ఆమె చెయ్యి అలాగే ఉండిపోయింది.