బ్రేకు బిగుసుకున్న మంగళవారం

డ్రైవింగ్ నేర్పడంలో ఆవిడకు పద్దెనిమిదేళ్ల అనుభవం. పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ల దగ్గరున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి వందల మందిని రోడ్డెక్కించింది. ఏనాడూ గుండె జారలేదు. ఆ మంగళవారం జారింది.

ఆ రోజు స్టీరింగ్ పట్టుకున్నది అరవై ఏళ్ల దర్జీ. కారు రెండేళ్లది, మైల్డ్ హైబ్రిడ్. పెట్రోలు ఇంజిన్‌కు తోడుగా చిన్న మోటారు, ఓ బ్యాటరీ ఉంటాయి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగి, మళ్లీ చప్పుడు లేకుండా అందుకుంటుంది. ఆ సుఖానికే మోజుపడి ఆవిడ దాన్ని కొన్నది. పట్టుబట్టి అక్క చేత కూడా అదే కొనిపించింది.

ఫ్లైఓవర్ దిగుతుండగా కింద సిగ్నల్ దగ్గర ఎర్ర దీపం వెలిగింది. ఇంజిన్ చప్పుడు పోయింది.

"ఆగిపోయిందమ్మా," అన్నాడు దర్జీ.

"దానికది అలవాటే బాబాయ్. మెల్లగా బ్రేకు తొక్కండి."

"తొక్కుతూనే ఉన్నా. దిగట్లేదు. రాయిలా ఉంది."

వేళాకోళమనుకుని ఆవిడ తన బ్రేకు తొక్కింది. పాదం కింద గోడ. కారు మాత్రం పల్లానికి జోరందుకుంటోంది. ఎదురుగా నీళ్ల ట్యాంకరు ఆగి ఉంది.

"ఇద్దరం తొక్కుదాం, ఉన్న బలమంతా!" అని అరిచి, పార్కింగ్ బ్రేకు మీట ఎత్తి పట్టుకుంది. టైర్లు కీచుమన్నాయి. ట్యాంకరుకు జానెడు దూరంలో కారు ఆగింది.

దర్జీ ఆవిడ వైపు తిరిగి, "ఇది కూడా పాఠమేనా అమ్మా?" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం, ఎప్పటినుంచో తెలిసిన మెకానిక్ ఇంజిన్ అడుగున ఆయిల్ ట్రే విప్పి ఆవిడను పిలిచాడు. ఆయిల్‌లో నల్లటి రబ్బరు ముక్కలు, మాడిన అన్నం మెతుకుల్లా.

"ఈ ఇంజిన్‌లో బెల్టు ఆయిల్‌లోనే నానుతూ ఇంజిన్ భాగాల్ని తిప్పుతుంది చెల్లెమ్మా. అది పొడైపోయి, ఆయిల్ పీల్చే జల్లెడకు అడ్డం పడింది. ఆయిల్ అందక ఇంజిన్ ఆగింది, బ్రేకుకు బలమిచ్చే పంపూ పడుకుంది."

"ఒక్క సర్వీసూ తప్పలేదన్నా! లక్షన్నర కిలోమీటర్ల దాకా బెల్టు జోలికి పోనక్కర్లేదని కారు పుస్తకంలో ఉంది."

"నువ్వు తిరిగింది నలభై ఒక్క వేలే. సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగి లేస్తుంటే బెల్టు నలిగిందేమో. గట్టిగా చెప్పలేను. నాకే నమ్మబుద్ధి కావట్లేదు."

అక్కదీ ఇదే కారు. ఆవిడ గబగబా ఫోను తీసింది.

"అక్కా, ఎక్కడున్నావ్?"

"పిల్లల్ని బడి నుంచి ఎక్కించుకుని కొండ దారి ఎక్కుతున్నా. కారు స్పీకర్లోనే మాట్లాడు. ఏంటే ఆ గొంతు?"

"కారు పక్కకు ఆపు. ఇప్పుడే. ఎందుకని అడగకు."

వెనక పిల్లల గోల. హ్యాండ్ బ్రేకు చప్పుడు.

"ఆపానే. నేనే నీకు ఫోన్ చేద్దామనుకున్నా. పొద్దుటి నుంచి బ్రేకు గట్టిగా తగుల్తోంది. మీ బావేమో నా చెప్పులదే తప్పంటాడు."

ఆవిడ ఆయిల్ మరకల నేల మీదే కూలబడింది. మెకానిక్ నీళ్ల గ్లాసు అందించాడు. అది పక్కన పెట్టి, అక్క కారు తేవడానికి లారీ పంపమంది.

అక్క కారును లారీ మీద ఎక్కించి తెచ్చారు. అందులోనూ అవే ముక్కలు, జల్లెడ సగం మూసుకుపోయి ఉంది. కంపెనీ ఇంజినీరు వచ్చి చూసి, కారణమేంటో చెప్పకుండా రెండు బెల్టులూ సంచిలో వేసుకుని వెళ్లాడు. నెల తర్వాత రెండు కార్లకూ కొత్త బెల్టులు, పంపులు వేశారు. పుస్తకంలో ఆ లక్షన్నర అంకె మాత్రం మార్చలేదు.

"నీ మాట విని కొన్నానే," అంది అక్క ఒకరోజు. ఆవిడ తల దించుకుంది. అక్క దగ్గరకు జరిగి భుజం మీద చెయ్యేసింది. "సరేలే. ఎంత ప్రమాదం తప్పిందో పిల్లలకైతే ఇంకా చెప్పలేదు."

దర్జీ మళ్లీ నేర్చుకోవడానికి వచ్చాడు. ఇంజిన్ స్టార్టు చేయకముందే ఆవిడ అతని చేత పార్కింగ్ బ్రేకు మీట ఇరవైసార్లు ఎత్తించింది.